తొడకు విటమిన్ సూది: ఇంట వేసికొనవచ్చునా?

రేపల్లె నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరము నా బల్లమీద ఉన్నది. "మా వారికి గుంటూరులో డాక్టరుగారు బి-12 సూదులు వ్రాసినారండి. మొదట రోజు విడిచి రోజు, తరువాత నెలకొకటి. మా వీధిలో సూది వేయువారు లేరు. బజారు దాకా నడచుటకు వారికి కాళ్ళు సహకరించుట లేదు. తొడకు ఎవరికి వారే వేసికొనవచ్చునని మా బంధువులు చెప్పుచున్నారు. ఇందులో ప్రమాదము లేదా? దీనికి బదులు మన ఆయుర్వేదములో ఏదైనా మందు ఉన్నదా?" అని ఆమె అడిగినారు. (రేపల్లె 2022 నుండి బాపట్ల జిల్లాలో చేరినది గాని, పెద్ద వైద్యమనగానే ఆ వైపు వారికి నేటికిని గుంటూరే.)

ఈ రెండు ప్రశ్నలలో రెండవదానికే ముందుగా సమాధానము చెప్పెదను. ఆ విషయములో నేనే ఒకసారి పొరబడి ఉన్నాను కనుక.

తెనాలిలో ఎన్నో ఏండ్లుగా ఆయుర్వేద వైద్యము చేయుచున్నాను. మా అక్కయ్య అత్తవారిది బాపట్ల. పుట్టినది మొదలు శాకాహారి. పదకొండేండ్లుగా చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ బిళ్ళలు వాడుచున్నది. అరికాళ్ళు మంటలనియు, వ్రేళ్ళకు తిమ్మిర్లనియు చెప్పినప్పుడు నేను వాతప్రకోపముగా భావించి క్షీరబలా తైలముతో మర్దన, లోపలికి అశ్వగంధ చూర్ణము ఇచ్చినాను. మొగము పాలిపోయినదని ఇంటిలోని వారు ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన టానిక్కు తెచ్చి త్రాగించినారు. రెండు నెలలలో రక్తము పెరిగినది, మొగమున కళ వచ్చినది. అందరమూ సంతోషించినాము. కాని కాళ్ళ తిమ్మిరి మాత్రము మోకాళ్ళ దాకా ప్రాకినది. ఒకనాడు పెరటిలో మొగము కడుగుకొనుటకు కన్నులు మూసికొనగానే తూలి గోడకు ఆనినదట. ఆ మాట ఫోనులో విని నేను ఉలిక్కిపడినాను. కన్నులు మూసినప్పుడు తూలుట వెన్నుపాములోని నరముల బాధకు గుర్తు. మరునాడే గుంటూరు తీసికొనిపోయి రక్తపరీక్ష చేయించితిమి. రక్తములో బి-12 ఒక మిల్లీలీటరుకు 200 పికోగ్రాములకు తగ్గరాదని సాధారణముగా చెప్పుదురు. ఆమెకు అందులో సగము కూడ లేదు.

సూదులు మొదలుపెట్టిన తరువాత తూలుడు తగ్గినది, మంటలు తగ్గినవి. వ్రేళ్ళ కొసల మొద్దుబారుట మాత్రము నేటికిని పోలేదు. నేను తైలమర్దనతో గడిపిన ఆరు నెలలకు ఆమె చెల్లించిన మూల్యమది.

కావున సోదరీ, బి-12 లోపమునకు బదులు మందు మా శాస్త్రములో లేదు. మునగాకు, కరివేపాకు, నువ్వులు మంచివే; వానిలో ఇనుము, సున్నము గలవు. బి-12 లేదు. ఆ విటమినును చెట్లు చేయవు, సూక్ష్మజీవులే చేయును. శాకాహారులకు అది పాలు, పెరుగు, మజ్జిగల ద్వారానే చేరును. స్పిరులినా బిళ్ళలలో పుష్కలముగా ఉన్నదని అమ్మువారు చెప్పుచుందురు గాని, అందులో ఉండునది చాలవరకు మన శరీరమునకు పనికిరాని రూపము. పులిసిన ఇడ్లీపిండిని కూడ నమ్ముకొనుటకు వీలులేదు.

ఇక్కడ ఒక తెలుగువాని కథ చెప్పవలసియున్నది. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు యౌవనములో స్ప్రూ అను దీర్ఘకాలిక విరేచనముల వ్యాధికి లోనైనారు. తిన్నది ఒంటికి పట్టనీయని రోగమది. వారి సోదరులిద్దరిని అదే వ్యాధి బలిగొన్నది. సుబ్బారావుగారిని మద్రాసులో ఆయుర్వేద చికిత్సతో నిలబెట్టినవారు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు. తరువాత సుబ్బారావుగారు అక్కడి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించి, ఆ పిమ్మట అమెరికా వెళ్ళినారు. హార్వర్డులో ఉండగా, పాండురోగమును కుదుర్చు పదార్థమును కాలేయము నుండి వేరుచేయుటకు శ్రమించినారు. లెడర్లే ప్రయోగశాలలో వారి బృందము 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. దానితో రక్తహీనులు కోలుకొన్నారు. కాని కొందరిలో రక్తము బాగుపడుచుండగనే నరములు క్షీణించుట వైద్యులు గమనించినారు. వారికి కావలసినది వేరొకటి. ఆ ఎఱ్ఱని స్ఫటికములను 1948లో అమెరికాలోను, బ్రిటనులోను వేర్వేరుగా వేరుచేసి బి-12 అని పేరు పెట్టినారు. సుబ్బారావుగారు ఆ ఏడాదే కన్నుమూసినారు.

మా అక్కయ్య త్రాగిన టానిక్కు చేసిన పని సరిగా అదియే. ఫోలిక్ ఆమ్లము రక్తమును దిద్ది రోగమును కప్పిపెట్టినది. నరములు లోలోపల చెడుచునే ఉన్నవి.

మన డెల్టాలో దీనికి తోడు "బలం సూది" అను అలవాటొకటి ఉన్నది. నాట్లు, కోతల రోజులలో ఒళ్ళు హూనమైన కూలీలు మొదలు, పరీక్షలకు చదువు పిల్లల దాకా ఆర్.ఎం.పి. వద్దకు వెళ్ళి ఒక సూది పొడిపించుకొని వచ్చెదరు. మందు ఎఱ్ఱగా ఉండుటచే రక్తము పట్టునని నమ్మకము కూడ బలపడినది. ఆ ఎరుపు విటమినులోని కోబాల్టు లోహము వలన వచ్చినది, రక్తముతో దానికి సంబంధము లేదు. లోపము లేని వానికి ఆ సూది వలన ఒరుగునది ఏమియు ఉండదు. మనకు రోజుకు కావలసిన బి-12 రెండు మైక్రోగ్రాములకు కొంచెము పైన; ఒక ఆంపూల్‌లో సాధారణముగా ఉండునది 1000 మైక్రోగ్రాములు. శరీరము పట్టి ఉంచుకొనగలిగినది ఉంచుకొని, మిగిలినది మూత్రములో విడిచిపెట్టును.

నష్టము మరొక తీరున కలుగును. తెనాలిలో నా వద్దకు వచ్చు ఒక విశ్రాంత ఉపాధ్యాయులకు ఇట్టి తిమ్మిర్లే ఉన్నవి. పరీక్షకు పంపినాను. ఆయన దారిలో, ఎందుకైనా మంచిదని, ఒక బలం సూది వేయించుకొని రెండు రోజుల తరువాత రక్తమిచ్చినారు. ఫలితము దివ్యముగా వచ్చినది! అసలు లోపము బయటపడుటకు మరికొన్ని నెలలు, మరి రెండు ఖరీదైన పరీక్షలు పట్టినవి. కావున సూది వేసికొనవచ్చునా అని ఆలోచించుటకు ముందే రక్తపరీక్ష జరిగి ఉండవలెను. మీ వారికి అది జరిగినదా అన్నది ఉత్తరములో లేదు. జరిగే ఉండునని తలచుచున్నాను.

సూది నిజముగా కావలసినవారు ఉన్నారు. కడుపులో బి-12ను పట్టి ఇచ్చు పదార్థము తయారుకానివారు, జీర్ణాశయము కొంత తీసివేయించుకొన్నవారు, నరముల లక్షణములు మొదలైనవారు వీరిలో ముఖ్యులు. మెట్‌ఫార్మిన్, ఆమ్లపిత్తపు బిళ్ళలు ఏండ్ల తరబడి వాడువారు, కేవల శాకాహారులు పరీక్ష చేయించుకొనుచుండవలెను. వీరిలో పెక్కుమందికి 1000 మైక్రోగ్రాముల బిళ్ళ రోజూ నోట వేసికొన్నను చాలును. ఏలయనగా జీర్ణకోశము సహకరించకపోయినను అందులో నూటికి ఒక వంతు దానంతటదే రక్తములోనికి ఇంకును. మొదటి విడత సూదులు పూర్తికాగానే, "ఇక బిళ్ళలకు మారవచ్చునా?" అని మీ డాక్టరుగారిని తప్పక అడుగుడు. తొడకు సూది జీవితాంతము కావలసినవారు అనుకొన్నంత మంది లేరు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఎవరికి వారు వేసికొనుటకు తొడ మంచి చోటే. పిరుదు కాదు. పిరుదు వెనుక వ్రేలెడు మందమున గృధ్రసీ నాడి, అనగా సయాటిక్ నరము, క్రిందికి దిగును. సూది దానికి తగిలినచో పాదము జారిపోయి, ఈడ్చి నడవవలసిన స్థితి రావచ్చును. తన పిరుదును తాను చూడలేడు కనుక అక్కడ స్వయముగా పొడుచుకొనుట సాహసము. తొడ బయటివైపు కండరము పెద్దది, కంటి ఎదుట ఉండును, ఆ భాగములో పెద్ద నరములుగాని రక్తనాళములుగాని లేవు. పుట్టిన బిడ్డకు రక్తస్రావము కాకుండ వేయు విటమిన్ కె సూది, పసిబిడ్డల పెంటావాలెంట్ టీకా కూడ అక్కడనే వేయుదురు.

కాని తొడ అంతయు ఒకటి కాదు. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మములలో ఊర్వి తొడ నడుమ ఉన్నది. అక్కడ గాయమై రక్తము పోయినచో కాలు శోషించునని ఆయన హెచ్చరించినాడు. నేటి శరీరశాస్త్రము ప్రకారము తొడ లోపలివైపు నుండి దిగునవి కాలికి ప్రాణాధారమైన పెద్ద ధమని, సిర. లోపలివైపు సూది ఎన్నడును పోరాదు. కుర్చీలో కూర్చుండి, తుంటి ప్రక్క తగులు ఎముక నుండి మోకాటి చిప్ప వరకు ఉన్న దూరమును మూడు భాగములు చేయుడు. నడిమి భాగములో, తొడ ముందువైపు నడిమి గీతకును, ప్రక్క నడిమి గీతకును మధ్యనున్న బయటి చోటు మీది. పంట్లాము ప్రక్క కుట్టుకు కొంచెము ముందు అని మా అక్కయ్యకు గుర్తు చెప్పినాను. ఆమె చీర కట్టును, పంట్లామెక్కడిదని నవ్వినది!

ఈ పని పుస్తకము చూచి నేర్చుకొనునది కాదు. ఈ వ్యాసము చూచి కూడ కాదు. మొదటి రెండు మూడు సూదులు ఆసుపత్రిలో నర్సు చేత వేయించుకొనవలెను. అందుకు కారణము నేర్పు ఒక్కటే కాదు. ఇంజక్షనుగా ఇచ్చిన బి-12 కును, దానితో కలిపి వచ్చు బి-1 కును అరుదుగా తీవ్రమైన వికటము కలుగును. ఒళ్ళంతా దద్దురులు, పెదవుల వాపు, ఊపిరాడకుండుట, స్పృహ తప్పుట నిమిషములలో వచ్చును. దానికి విరుగుడు అడ్రినలిన్ సూది. చిత్రమేమనగా దానిని కూడ ఈ తొడ బయటి కండరమునకే వేయుదురు. అది ఇంటిలో ఉండదు. కనుక మొదటి సూదుల తరువాత అరగంటసేపు ఆసుపత్రి వరండాలో కూర్చుండి రావలెను. తరువాత ఇంటిలో ఎప్పుడు వేసికొన్నను ఒంటరిగా ఉండరాదు. అట్టి లక్షణము కనిపించిన తక్షణమే 108కి ఫోను చేయవలెను.

నర్సు నేర్పు క్రమము సుమారుగా ఇట్లుండును. చేతులు సబ్బుతో కడుగుకొని, ఆంపూల్ మీద మందు పేరు, గడువు తేదీ చదువవలెను. బి-12 వెలుతురుకు చెడును గనుక అది అట్టపెట్టెలోనే ఉండవలెను. రంగు మారినది, మడ్డి కనిపించునది పారవేయవలెను. ఆంపూల్ మెడను దూదితోగాని గుడ్డతోగాని పట్టి తనకు దూరముగా విరువవలెను. గాజుపెంకు గ్రుచ్చుకొనుట ఈ పనిలో అందరికిని జరుగు మొదటి ప్రమాదము. రెండు మందులను ఒకే సిరంజిలోనికి లాగరాదు. స్పిరిట్ దూదితో చోటును అర నిమిషము తుడిచి, మరి అర నిమిషము ఆరనీయవలెను. తడి ఆరకముందే పొడుచుటచే మంట పుట్టును, నోటితో ఊది ఆరబెట్టుటచే నోటి క్రిములు చేరును. బజారులో దొరకు రెండు మిల్లీలీటర్ల సిరంజికి వచ్చు అంగుళపు సూది నడితరము మనిషికి సాధారణముగా సరిపోవును. మరీ స్థూలకాయులకును, మరీ బక్కపలుచని వారికిని సూది పొడవు నర్సు నిర్ణయించవలెను. కాలు వదులుగా ఉంచి, సూదిని తొడకు నిట్టనిలువుగా ఒక్కసారిగా దించి, మందును నిదానముగా నెట్టవలెను, మిల్లీలీటరుకు పది సెకనుల చొప్పున. పిస్టను వెనుకకు లాగి రక్తము చూచుట గూర్చి ఇప్పుడు పద్ధతులు మారుచున్నవి. మీకు నేర్పినవారు చెప్పినట్లు చేయుడు. రక్తము కనిపించినచో మాత్రము ఆ మందు వాడక పారవేయవలెను. తీసిన తరువాత దూదితో అదిమి పట్టవలెను, రుద్దరాదు. ఈసారి కుడి తొడ అయినచో మరుసారి ఎడమ తొడ.

తొడలు మార్చుట గూర్చి ఎందుకింత చెప్పుచున్నాననగా, 1973 ప్రాంతములో జపానులోని యమనషిలో చిన్నపిల్లలు మోకాళ్ళు వంగక, కుంటుచు నడచుట బయటపడినది. జలుబుకు, జ్వరమునకు వారి తొడలకు పదే పదే సూదులు వేయుటచే కండరము నారగా గట్టిపడిపోయినది. దేశమంతట వెదుకగా అట్టి పిల్లలు వేలకొలది తేలినారు. నెలకొక సూదితో పెద్దవారికి ఆ గతి పట్టదు. కాని తొడలో గట్టి కణుపు తగులుచున్నచో ఆ చోట మరల పొడువరాదు.

సూది ఒక్కసారికే. మా చిన్నతనములో గాజు సిరంజిని గిన్నెలో మరిగించి వీధి వీధి తిరిగిన కాంపౌండర్లను చూచినాను. ఆ మరుగుట ఎన్ని నిమిషములో ఎవరికి తెలియును! డిస్పోజబుల్ సిరంజి వచ్చిన తరువాత కూడ దానిని దాచి వాడువారున్నారు. 2009లో గుజరాతులోని మొడాసాలో వాడిన సూదులనే తిరిగి వాడుటచే హెపటైటిస్-బి వ్యాపించి పదుల సంఖ్యలో మరణించినారు. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో ఒకే సిరంజిని అందరికి వాడిన నాటువైద్యుని వలన హెచ్.ఐ.వి. సోకినట్లు బయటపడినది. ఈ ఒక్క విషయములో ఇంటి సూదియే బజారు సూదికంటె మేలు; సీలు విప్పునది మీ చేయియే కదా. భార్యాభర్తలిద్దరికి సూదులున్నను ఒకరి సిరంజి మరొకరికి వాడరాదు. వాడిన సూదికి మూత తొడుగబోయి వ్రేలికి గ్రుచ్చుకొనవద్దు. దళసరి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండిన తరువాత ఆసుపత్రిలో అప్పగించవలెను. చెత్తబుట్టలో వేసినచో పారిశుద్ధ్య కార్మికుల చేతికి గ్రుచ్చుకొనును.

రక్తము పలుచబడు మందులు వాడువారు, రక్తము గడ్డకట్టని జబ్బు ఉన్నవారు డాక్టరుగారి అనుమతి లేక కండకు సూది వేసికొనరాదు. లోపల రక్తము గూడును.

బి-12 కు చెప్పిన ఈ వెసులుబాటు అన్ని విటమినులకు చెల్లదు. మోకాళ్ళ నొప్పులకు విటమిన్ డి సూది తామే తెచ్చుకొని వేయించుకొనువారు నాకు తరచు తటస్థపడుచున్నారు. వారము వారము పాలలో కలిపి త్రాగు పొట్లము 60,000 యూనిట్లు. ఆ ఆంపూల్ ఒక్కటి 6 లక్షల యూనిట్లు. అది మూత్రములో పోవునది కాదు, కొవ్వులో నిలువ ఉండును. మోతాదు మించినచో రక్తములో సున్నము పెరిగి దాహము, వాంతులు, మలబద్ధము, కడకు మూత్రపిండములకు హాని కలుగును. నరముల సూదులని పేరుపొందిన బి-కాంప్లెక్సు మిశ్రమములలో బి-6 ఆంపూల్‌కు 100 మిల్లీగ్రాముల దాకా ఉండును. మన రోజువారీ అవసరము రెండు మిల్లీగ్రాముల లోపే. నెలల తరబడి ఎక్కువ మోతాదు బి-6 వాడుటచే తిమ్మిర్లు తగ్గుటకు బదులు కొత్తగా పుట్టును. సెలైన్ సీసాలో విటమిను కలిపి నరమునకు ఎక్కించుట ఇంటిలో చేయవలసిన పని కానేకాదు.

సూది వేసికొన్న చోట ఒకటి రెండు రోజులు సలుపుట సహజము. మొదటి రోజు చల్లని తడిగుడ్డ, మరునాటి నుండి గోరువెచ్చని కాపడము చాలును. కొంచెము నడచుట మంచిది. పసుపు, సున్నము కలిపి పట్టు వేయు అలవాటు మన ఇండ్లలో ఉన్నది. సూది పొడిచిన రంధ్రము మీద అది వద్దు. మూడవ నాటికి వాపు పెరుగుచు, ఎఱ్ఱబారి, వేడిగా ఉండి జ్వరము వచ్చినచో లోపల చీము పట్టుచున్నదని అర్థము. అప్పుడు ఉప్పు కాపడములతో కాలము గడుపక డాక్టరుగారికి చూపవలెను. మా తైలములు, మర్దనలు అప్పుడు పూర్తిగా ప్రక్కన పెట్టవలసినదే.

ఆహారము మాట మరువరాదు. శాకాహారులకు రోజుకు అర లీటరు పాలు, పెరుగు, మజ్జిగల రూపములో అందినచో బి-12 అవసరము చాలవరకు తీరును. నీళ్ళు కలిపిన పాలకు ఆ లెక్క వర్తించదు. గ్రుడ్డు, చేప తినువారికి బాధ తక్కువ. లోపము ఏర్పడిన తరువాత ఆహారము ఒక్కటే దానిని పూడ్చజాలదు, మరల రాకుండ కాపాడగలదు.

రేపల్లె సోదరికి చివరిగా ఒక మాట. మీ వారిని వచ్చే రెండు సూదులకు ఆటోలోనైనను ఆసుపత్రికి తీసికొనిపోయి, రెండవ సూదిని నర్సు ఎదుట వారి చేతనే వేయించుడు. మీరును దగ్గర నిలబడి నేర్చుకొనుడు. వారికి చేయి వణుకునా, చూపు సరిగా ఆనునా అన్నది మీరు వ్రాయలేదు. వణికినచో సూది మీరే పట్టవలసి ఉండును. మా అక్కయ్యకు మొదటి ఏడాది సూదులు మా కోడలు వేసినది; తరువాత ఆమెయే నెలనెలా మొదటి ఆదివారము కిటికీ ప్రక్క కుర్చీ వేసికొని వేసికొనుచు వచ్చినది. పోయిన వేసవి నుండి డాక్టరుగారు బిళ్ళకు మార్చినారు.